బడికి పెట్టుకెళ్లిన బ్యాడ్జీ

అమ్మ పాత వెల్వెట్ జాకెట్టు గుడ్డ మడత విప్పితే ముందు కలరా ఉండల వాసన, ఆ వెనకే తుప్పు వాసన. గుడ్డ నిండా రేకు బ్యాడ్జీలు, నేను చిన్నప్పుడు గుచ్చి దాచుకున్నవి.

అప్పట్లో నాన్న ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఆసుపత్రి డాక్టరు. పక్కింట్లో జమైకా నుంచి వచ్చిన మార్వా ఆంటీ మా బళ్లో మధ్యాహ్న భోజనం వడ్డించేది. నల్లవాళ్లకీ మనవాళ్లకీ అందరితో సమానంగా ఇళ్లూ ఉద్యోగాలూ ఇవ్వాలంటూ శనివారాల్లో జరిగే ఊరేగింపులకు వెళ్లి, కోటుకు పెట్టుకున్న బ్యాడ్జీని తిరిగొచ్చాక నా చేతిలో పెట్టేది. కిరసనాయిలు హీటరు పక్కన చతికిలబడి వాటి మీది నినాదాలు కూడబలుక్కుని చదివేదాన్ని. మామిడికాయ దొరక్క పుల్లటి ఆపిల్స్ తరిగి అమ్మ చేసిన ఉగాది పచ్చడిని ఆవిడ కళ్లు మూసుకుని తినేది. క్రిస్మస్‌కు ఆవిడ పంపే నల్ల కేకులో రమ్ము ఉంటుందని తెలిసినా నాన్న రెండో ముక్క అడిగేవారు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మార్వా ఆంటీ, అమెరికాలోని వాళ్లక్క దూదిలో చుట్టి పంపిన బ్యాడ్జీ ఇచ్చింది. కలిసిన రెండు చేతులు, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. “బడికి మాత్రం పెట్టుకెళ్లకు” అంది. నేను పెట్టుకెళ్లాను.

భోజనాల హాల్లో హెడ్‌మిస్ట్రెస్ మెల్లగానే అడిగింది, ఎవరిచ్చారని. బ్యాడ్జీని అరచేత్తో మూసేసుకున్నాను. చెయ్యెత్తి మార్వా ఆంటీని చూపించాను. ఆవిడ అప్పుడు గరిటెతో బంగాళాదుంప ముద్ద వడ్డిస్తోంది.

సోమవారం ఆవిడ చోట ఇంకెవరో ఉన్నారు.

“పేరెందుకు చెప్పావే? రోడ్డు మీద దొరికిందంటే ఆవిడ ఉద్యోగం పోయేది కాదుగా!” అంది అమ్మ. మార్వా ఆంటీతో మాట్లాడదామని బూట్లు వేసుకున్న నాన్న గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయారు. “రేపెళ్తాన్లే” అన్నారు. వెళ్లలేదు.

ఆవిడ కంటబడకుండా తిరిగిన నేను ఓ సాయంత్రం బస్టాపులో దొరికిపోయాను. “కొత్తవేమైనా దొరికాయా?” అని నవ్వి, సంచి వెతికి ఇంకో బ్యాడ్జీ ఇచ్చింది. తలెత్తకుండా తీసుకున్నాను. బస్సు వచ్చేదాకా పక్కపక్కనే నిలబడ్డాం. నేను సారీ అనలేదు. వేసవి సెలవులకు ముందే ఆంటీ వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు.

పోయినేడు ఆవిణ్ని వెతుక్కుంటూ నాటింగ్‌హామ్ వెళ్లాను. మా వీధి ఇళ్లు లేవు, కార్ పార్క్ ఉంది. బడి ఫ్లాట్లయింది. దగ్గర్లోని చర్చిలో ఒక ముసలావిడ, మార్వా ఆంటీ పోయి మూడేళ్లయిందని చెప్పి, నన్ను తేరిపార చూసింది. “డాక్టరుగారి పాపవి నువ్వేనా? అబద్ధం చెప్పడం చేతకాని పిల్లవని నిన్ను తెగ మెచ్చుకునేది.”

అది భయంతో చెప్పిన నిజమని ఎవరికి చెప్పుకోను?