మిద్దె మీద బుడగలు

నా చిన్నప్పుడు, కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, ఆళ్ళగడ్డ దగ్గరి మా ఊళ్ళో అందరివీ మట్టి మిద్దెలే. దూలాల మీద అడ్డంగా పేర్చిన దంతెలనే కట్టెలు, దంతెల మీద మందంగా మట్టి, ఆపైన వానలకు ముందు చల్లే చౌడుమట్టి. ఆ చౌడు తడిస్తే బిగుసుకుపోయి నీటిని కిందికి దిగనివ్వదు. మిద్దె కురిస్తే ఎవరినో పిలవడమన్నది మాకు తెలియదు. ఎవరి మిద్దె వాళ్ళే బాగుచేసుకునేవారు. మా ఇంట్లో ఆ పని మా జేజినాయనది, అంటే మా నాయనకు నాయన. ఆయన కళ్ళకు పొరలు కమ్మి అప్పటికే రెండేళ్ళయింది. వెలుతురో చీకటో తెలిసేది, అంతే. అయినా నిచ్చెన ఎక్కడం మాత్రం మానలేదు. మా జేజి, అంటే నాయనమ్మ, నెత్తి కొట్టుకుని ఊరుకునేది.

ఆ ఏడు తొలివానలకు మిద్దె మీద గడ్డి మొలిచింది. దాన్ని కొడవలితో కోయాలే గాని పీకకూడదని ఇంట్లో గట్టిగా చెప్పేవారు. వేరుతో వస్తే బొక్క పడుతుంది మరి. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఒక మేకపిల్ల ఉండేది, చెప్పిన మాట వినని గుణమూ ఉండేది. కొడవలి కోసం కిందికి దిగడానికి బద్ధకమేసి, మేకపిల్లకు రోజూ రెండు గుప్పిళ్ళ గడ్డి పీకేదాన్ని.

నంద్యాల నుంచి పురిటికి వచ్చిన మా అత్త అప్పుడు మా ఇంట్లోనే ఉంది. బిడ్డకు నెల దాటింది. ఒక సాయంత్రం జడివాన పట్టుకుంది. సరిగ్గా ఉయ్యాల మీదే కురవడం మొదలైంది. ఉయ్యాల జరిపితే అక్కడా కురిసింది. తడిసిన బిడ్డను గుండెకు హత్తుకుని మా అత్త గోడమూల నిలబడి ఏడ్చింది. తెల్లారేసరికి ముక్కు మూసుకుపోయి బిడ్డ పాలు తాగలేక గుక్కపెట్టి ఏడ్చింది. ఇంకో వాన పడితే పసిగుడ్డు తట్టుకుంటుందా అని జేజి వాము వేయిస్తూ గొణుగుతోంది. ఎందుకు కురిసిందో ఆ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు.

వాన తెరిపిచ్చాక జేజినాయన నన్ను పిలిచాడు.

"రా అమ్మీ, నా కండ్లు నువ్వే గదా. మల్లా మబ్బు పడతాంది, బిరీన పోదాం."

కింద మా నాయన, కురిసిన చోట కట్టెతో పైకప్పును తట్టాడు. పైన జేజినాయన అరచెయ్యి మట్టికి ఆనించి, ఆ తట్టు తెలిసిన చోట కూర్చున్నాడు. చుట్టూ నా చేత చెంబుతో నీళ్ళు పల్చగా పోయించాడు. బొక్క ఉన్నచోట నీళ్ళు లోపలికి దిగుతూ బుడగలు వదులుతాయి. ఆయన ఉపాయం అది.

"యాడన్నా బుడగలు లేస్తాండాయా?"

లేస్తున్నాయి. నేను గడ్డి పీకిన చోటే, నా కాళ్ళ ముందే.

"యాడా ల్యావు జేజినాయనా" అన్నాను.

ఆయన చేత్తో తడుముకుంటూ ముందుకు వచ్చాడు. నేను చూస్తుండగానే ఆయన చూపుడువేలు ఒక బొక్కలో రెండు కణుపుల లోతు దిగింది. ఇప్పుడు అరుస్తాడు, కింద నాయన వింటాడు, అత్త వింటుంది. ఆయన వేలు బయటికి తీసి, పంచెకు తుడుచుకుని, నెమ్మదిగా అన్నాడు.

"నా చేతికేం తగల్ల్యా అమ్మీ. నువ్వే ఇంగోసారి చూడు."

కొట్టి ఉంటే ఇంకో అబద్ధం ఆడేదాన్నేమో. ఆ మాటకు మాత్రం తట్టుకోలేకపోయాను. "ఈడ ఒగటి, ఆడ ఒగటి, ఆ మూల మూడు. నేనే పీకినా" అని వెక్కి వెక్కి ఏడ్చాను.

"ఏడ్చుకుంటా అయినా మట్టి పిసకొచ్చు, రా" అన్నాడు.

వెతికితే మొత్తం పదకొండు తేలాయి. తరిగిన వరిగడ్డి కలిపిన బంకమట్టిని నా చేతే ఒక్కోదాంట్లో కూరించి, రోకలితో గట్టిగా దంచించాడు. పైన చౌడు జల్లెడపట్టి చల్లాము.

సాయంత్రం మళ్ళీ వాన. ఉయ్యాల పక్కనే కూర్చుని పైకప్పునే చూస్తూ ఉన్నాను. ఒక్క చుక్క రాలలేదు. ముక్కు విడవడంతో బిడ్డ కడుపునిండా పాలు తాగి నిద్రపోయింది. అప్పుడు ఎవరూ అడక్కుండానే అత్తకు గడ్డి సంగతి చెప్పేశాను. ఆమె మట్టి పట్టిన నా గోళ్ళకేసి కాసేపు చూసి, బిడ్డను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

ఇప్పుడు నేను ఎనభైకి దగ్గరపడ్డాను. మా ఊళ్ళో అన్నీ స్లాబు ఇళ్ళే, చౌడు సంగతి అడిగేవాళ్ళు లేరు. పిల్లలు మాత్రం ఏమీ మారలేదు. నా మునిమనవరాలు గాజుగ్లాసు పగలగొట్టి, నేను కాదంటూ నా మొహంలోకి చూస్తుంది. ముక్కలు దాని వెనకే కనిపిస్తుంటాయి. "నాకు సరిగ్గా ఆనడంల్యా అమ్మీ, నువ్వే ఇంగోసారి చూసి చెప్పు" అంటాను. ఆపరేషన్ చేయించుకున్న కళ్ళు నావి, సూదిలోకి దారం కూడా ఎక్కిస్తాను. ఆ సంగతి దానికి ఇంకా చెప్పలేదు.