నేను పట్టని నాడి

దయ్యాలూ ఆత్మలూ అని ఎవరైనా మొదలుపెడితే నవ్వి ఊరుకునే రకం నేను. పదకొండేళ్లుగా అంబులెన్సులో పనిచేస్తున్నాను. వికారాబాద్, తాండూరు మధ్య రోడ్ల మీద నా కళ్ల ముందు పోయినవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక్కరూ తిరిగి రాలేదు. ఇప్పుడు చెప్పబోయే దానిలోనూ ఎవరూ తిరిగి రాలేదు. అందుకే దీన్ని ఏమనాలో నాకు తెలియదు.

కందికోతల రోజులు. పొద్దున పదకొండు గంటలప్పుడు, కోట్‌పల్లి దాటాక, రోడ్డు పక్కన నడుస్తున్న కూలి మనిషిని ఒక బైకు గుద్దిందని ఫోన్ వచ్చింది. మేం వెళ్లేసరికి బైకు నడిపిన అతను రోడ్డు మీద పడి అరుస్తున్నాడు. తొడ ఎముక విరిగి నెత్తురు కారుతోంది. ఊళ్లో పేరున్న పటేళ్ల ఇంటివాడు. బంధువులు అప్పటికే చేరారు.

బైకు గుద్దిన కూలి మనిషి పేరు సాయమ్మ. యాభై ఏళ్లుంటాయి. పదడుగుల దూరంలో కంది మోపు మీద కూర్చుని, కడుపు మీద చెయ్యి పెట్టుకుని ఉంది. ఒంటి మీద ఎక్కడా గీత కూడా పడలేదు. నేను అటు చూడగానే తనే అంది.

“నాకేం గాలె కొడుకా. గా పిలగాని కాలు సూడు ముందు. మస్తు ఒర్లుతుండు.”

మా పనిలో మొదట నేర్పేది ఇదే. అరుస్తున్నాడంటే ఊపిరి ఉన్నట్టు, ముందు అరవనివాళ్లను చూడు. కొత్తగా చేరినవాళ్లకు ఈ మాట నేనే చెబుతుంటాను. ఆమె వైపు రెండడుగులు వేశాను కూడా. వెనకనుంచి ఆ బైకు అతని మేనమామ నా భుజం పట్టి కేకేశాడు.

“ఏందయ్యా, మావోడు గిట్ల సస్తుంటె గామె దిక్కు పోతవు? గామెకేమైంది, మంచిగ కూసున్నది. తియ్యి బండి!”

తిరిగి వచ్చేశాను. తొడకు కట్టు కట్టి అతన్ని స్ట్రెచర్ మీద ఎక్కించాను. పక్క బెంచీ మీద సాయమ్మను కూర్చోబెట్టి ఇద్దరినీ తీసుకుపోవచ్చు. కానీ ఆ బెంచీ మీద ముగ్గురు బంధువులు ఎక్కి కూర్చున్నారు. వాళ్లను దిగమనడం నా పని. అనలేదు. “ఇంకో బండి వస్తది, జర కూసో అమ్మా” అని లోపలినుంచే చెప్పి తలుపు వేశాను. ఆమె చెయ్యి పట్టి చూడలేదు.

తాండూరులో అతన్ని ఆసుపత్రివాళ్లకు అప్పగించి, వరండాలో ఫారం రాస్తుండగా రెండో అంబులెన్సు అతను ఫోన్ చేశాడు. వికారాబాద్ తీసుకుపోతుంటే ఆమె దారిలోనే పోయిందట. కడుపు రాయిలా గట్టిపడిందని, నెత్తురంతా లోపలే కారి ఉంటుందని చెప్పాడు.

ఫోన్ పెట్టేశాక నాకేమీ అనిపించలేదు. ఫారంలో రెండో మనిషి గడులు ఖాళీగా ఉన్నాయి. నింపాను. ‘స్పృహలో ఉంది. పరీక్షించాను. నాడి నిమిషానికి 82.’ ఎనభై అని రాస్తే ఊహించి రాసినట్టు కనబడుతుందని రెండు కలిపాను. ఆ వరండాలో నా పక్కన ఎవరూ లేరు. ఆ కాగితం నేరుగా ఆఫీసు ఫైలులోకి పోయింది.

ఎవరూ ఏమీ అడగలేదు. ఇరవై రోజులు డ్యూటీ చేశాను, తిన్నాను, పడుకున్నాను. సిగ్గు కూడా సరిగా వెయ్యలేదు. చివరికి ఒక ఆదివారం, నిజం చెప్పేద్దామని ఆమె ఇంటికి వెళ్లాను.

ఫలానా బండి మనిషినని చెప్పగానే ఆమె భర్త బాలయ్య లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

“నువ్వేనా సారూ? మా ఆమె చెప్పింది. గంత లొల్లిల గూడ వచ్చి చెయ్యి పట్టి సూసినవంట.”

“లేదు బాలయ్యా. నేను సూడలే. గదే చెప్పనీకి వచ్చిన.”

“గట్లెట్లంటవ్? నేను సేను కాడికెల్లి ఉరికొచ్చేసరికి మీ బండి పోయింది. ఆమె ముంజేతి మీద మూడు వేళ్ల నెత్తురు మరకలున్నయి. నీ గ్లౌజులయే గద. నేనే నీళ్లు పోసి కడిగిన.”

మేం నాడి చూసేది మూడు వేళ్లతోనే.

బాలయ్య ఆగలేదు. “అప్పుడే తాండూరు పోయే ఆటో ఒకటి ఆగింది. ఎక్కు, దవాఖానకు పోదామన్న. ఎక్కలే. ‘సారు లెక్కవెట్టిండు, ఎనభై రెండంట, మంచిగనే ఉన్నదంట. బండి వస్తదన్నడు, ఫికర్ జెయ్యకు’ అన్నది. అరగంటకొచ్చింది బండి.”

ఎంతన్నదని మళ్లీ అడిగాను. ఎనభై రెండు అన్నాడు.

ఆ అంకె నా బుర్రలో పుట్టేసరికి ఆమె చనిపోయి ఉంది. పైగా లోపల అంత నెత్తురు పోతున్న మనిషి నాడి పరుగెడుతుంది, ఎనభై రెండు ఉండదు. అది ఆమె ఒంట్లోది కాదు. నాది.

మర్నాడు మా డ్రైవర్ మొగులయ్యను అడిగాను. వింతగా చూశాడు.

“సూసినవ్ గద సార్! గడియారం సూస్కుంట నిమిషం సేపు గాడనే నిలవడ్డవ్. పటేళ్లు నన్ను తిట్టుడు, నేను హారన్ కొట్టుడు. గంతల్నే మర్సినవా? జర మంచిగ నిద్రవో.”

నేనే మరిచిపోయానేమోనని చాలాసార్లు ఆలోచించాను. కట్టు కట్టింది గుర్తుంది. బెల్టు బిగించింది గుర్తుంది. నా భుజం మీద ఆ మేనమామ చెయ్యి బరువు గుర్తుంది. ఆమె చెయ్యి గుర్తు లేదు. సరే మరిచాననుకున్నా, ఆ అంకె ఆమెకెలా తెలిసింది?

జరిగింది జరిగినట్టు రాసి పై అధికారికి ఇచ్చాను. నీ ఫారం, డ్రైవరు, ఆమె భర్త అందరూ ఒకే మాట చెబుతుంటే నువ్వెందుకయ్యా నెత్తిన వేసుకుంటావని ఆ కాగితం నాకే తిరిగి ఇచ్చేశాడు. అది ఇప్పటికీ నా చొక్కా జేబులోనే ఉంటుంది.

ఇప్పుడు బెంచీ మీద ఎవరు కూర్చున్నా ముందు దింపేస్తాను. అరవనివాళ్ల దగ్గరికే మొదట పోతాను. ఎవరి నాడైనా ఎనభై రెండు వస్తే మళ్లీ మొదటినుంచి లెక్కపెడతాను.

ఆ రోజు సాయమ్మ చెయ్యి పట్టుకున్నది ఎవరో నాకు తెలియదు. నేనింకా ఆడని అబద్ధాన్ని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. ఆమె దాన్ని నమ్మి ఆటో ఎక్కలేదు. అంతవరకే తెలుసు.