ముట్టుకోని వైద్యం

మొన్న స్టాఫ్ రూంలో నొప్పుల మందు వాసన గుప్పుమంది. మెడ పట్టేసిన సహోద్యోగి ఒకావిడ అది రుద్దుకుంటూ, "శకుంతల గారు బతికుంటే చిక్కడపల్లి పోయి వచ్చేదాన్ని. ఏం హస్తవాసి ఆమెది! చెయ్యి పడితే నొప్పి పోయేది" అంది. చిక్కడపల్లిలో ఆవిడ ఉన్న వీధిలో ఎవరినడిగినా ఇదే మాట. నేను ఒప్పుకోను. భుజం ఆపరేషన్ తరవాత నెలల తరబడి ఆ ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళినదాన్ని. మొదటిరోజు భుజం తడిమి చూడడం తప్ప ఆవిడ నన్ను ముట్టుకున్నది లేదు.

నేను నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. ఆపరేషన్ అయిన కొత్తలో, చెయ్యి బోర్డు దాకా లేస్తేనే క్లాసు, లేకపోతే ఆఫీసులో కూర్చోమని ప్రిన్సిపాల్ తేల్చేశారు. అదేమో ఛాతీ దాటి లేవడం లేదు. ఇక కదపమని డాక్టరు చెప్పాక కూడా ఇంట్లో నాకు రాజభోగమే. అన్నం కలిపి పెట్టడం, జడ వెయ్యడం, కొంగు సర్దడం, అన్నీ అత్తయ్యే. కదిపితే లోపల కుట్లు ఊడతాయని ఆవిడ భయం.

శకుంతల గారు నన్ను గోడ ముందు నిలబెట్టి, వేళ్ళను పైకి పాకించమని చెప్పి, తాను స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చునేవారు.

"మీరు కాస్త పట్టుకుని లేపితే ఏం పోయిందండీ?" అన్నాను ఒకరోజు.

"నేను లేపితే లేస్తది టీచరమ్మా. రేపు బోర్డు కాడికి నన్ను గూడ తోలుకపోతవా?"

"మరి మీరిక్కడ కూర్చోవడం దేనికి?"

"చెయ్యి లేపమంటే భుజం ఎగరేసి మోసం జేస్తున్నవు గద. అది చూస్తందుకు."

తోడొచ్చిన అత్తయ్యనూ వదల్లేదు. "రేపటి సంది జడ ఆమెనే ఏసుకుంటది పెద్దమ్మా. మీరు దువ్వెన ముట్టకుండ్రి."

"వంకర జడతో వీధిలోకొస్తే నలుగురూ నవ్వరూ?" అంది అత్తయ్య.

"నవ్వనియ్యుండ్రి. నవ్వెటోళ్ళు భుజం ఇస్తరా?"

అశోక్ నగర్‌లో మా ఇంటికి నడిచి వెళ్తూ అత్తయ్య ఆవిడని రాక్షసి అంది. నేను అంతకన్నా పెద్ద మాటే అన్నాను. మర్నాడు కళ్ళనీళ్ళు పెట్టుకుని వేసుకున్న జడ చూసి శకుంతల గారు, "మంచిగనే ఉన్నది. చెవి మీదికెల్లి ఎందుకొచ్చింది?" అని, మళ్ళీ గోడ చూపించారు. ఆ కోపంతోనే పాకించాను. కాలేజీ తెరిచే నాటికి బోర్డు పై అంచున తేదీ వేశాను. ఆఫీసు కుర్చీ తప్పింది.

ఇప్పుడు పిల్లలు బోర్డు దగ్గర లెక్క మధ్యలో ఆగిపోతే పూర్వంలా సుద్దముక్క లాక్కోను. కూర్చుంటాను. చాలామంది ఎలాగో తేల్చుకుంటారు. పోయిన వారం ఒకమ్మాయి మాత్రం సుద్దముక్క బల్ల మీద పెట్టి, వెళ్ళి తన చోట కూర్చుంది. మర్నాడు క్లాసుకి రాలేదు. లేచి చెయ్యి పట్టాల్సింది ఎవరికో, నా ముందు కూర్చున్నట్టు కదలకుండా కూర్చోవాల్సింది ఎవరి ముందో శకుంతల గారికి ఎలా తెలిసేది?