నేను వెనక్కి విసిరేసిన హోమ్ రన్

కాదు, నిజాయితీగా ఉండటం కూడా నేరమేనా? నా రూమ్‌మేట్ మౌనిక నేరమే అంటుంది. నెలల తరబడి అదే వాదన. అన్నం తింటూ అంటుంది, బట్టలు మడతపెడుతూ అంటుంది, నేను ఫోన్‌లో తల దూర్చినా వదలదు. దాని ముందు నేను చచ్చినా ఒప్పుకోను. మీ ముందైతే ఒప్పుకుంటాను. పదమూడేళ్లు బస్సుల్లో తిరిగి, మోకాలు అరగదీసుకుని ఒక మనిషి సంపాదించుకున్న ఒకే ఒక్క వస్తువుని నేను నాలుగు సెకన్లలో గాల్లో కలిపేశాను. ఎడమ చేత్తో పట్టి, కుడి చేత్తో విసిరి, పైగా చప్పట్లు కొడతారేమోనని జనానికి చెయ్యి ఊపి మరీ.

ఆ మనిషి పేరు డారెల్. ఇక్కడ అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అపార్ట్‌మెంట్‌కి సరిగ్గా కింద ఉంటాడు. ముప్ఫై నాలుగేళ్లు. బేస్‌బాల్‌లో ఔట్‌ఫీల్డర్. అంటే మన క్రికెట్ లెక్కలో బౌండరీ దగ్గర నిలబడి, పైకి లేచిన ప్రతి బంతి కోసం ప్రాణం పెట్టి పరిగెత్తేవాడు. వేసవంతా చిన్న లీగుల్లో ఆడతాడు, చలికాలం టైర్ల షాపులో పనిచేస్తాడు. టీవీలో కనిపించే పెద్ద లీగ్ నుంచి మాత్రం పదమూడేళ్లుగా పిలుపు లేదు. సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని మోకాలికి ఐస్ పెట్టుకునేవాడు.

"మోకాలు ఎలా ఉంది డారెల్?"

"దానికీ నాకూ మాటల్లేవు."

మా ఆడవాళ్ల టెన్నిస్ బాల్ క్రికెట్ టీమ్ పార్క్‌లో ప్రాక్టీస్ చేస్తుంటే ఒకసారి వచ్చి చూశాడు. నా త్రో చూసి మొహం చేదుమాత్ర మింగినట్టు పెట్టాడు. "నువ్వు బాల్ విసరట్లేదు, చెత్త పారేస్తున్నావు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వెళ్లిపొమ్మందామనుకున్నాను. కానీ అతను బాల్ తీసుకుని బౌండరీ నుంచి విసిరితే అది వచ్చి నేరుగా స్టంప్స్‌ని లేపేసింది. నోరు మూసుకుని శిష్యరికంలో చేరిపోయాను.

"మోచెయ్యి పైకి. ఒక అడుగు ముందుకు. ఆలోచించకు. చేతిలో పడగానే వదిలెయ్" అని రెండు నెలలు నూరిపోశాడు. నాకు జీవితంలో ఎవరు చెప్పిన మాటా అంత బాగా తలకెక్కలేదు. అదే కొంప ముంచింది.

సెప్టెంబర్‌లో పెద్ద టీమ్‌లో ఎవరికో తొడ కండరం పట్టేసింది. డారెల్‌కి ఫోన్ వచ్చింది. ఒక్క వారం రోజుల కోసం రమ్మన్నారు. బయల్దేరే ముందు పార్కింగ్‌లో నాకూ మౌనికకీ ఆదివారం మధ్యాహ్నం ఆటకి టికెట్లు పంపించాడు. ఆ నిమిషమే నా ఫోన్‌లో పడ్డాయి. నేను వాటిని ఇన్‌స్టా స్టోరీలో పెట్టే పనిలో ఉండగా అతను ఏదో చెబుతున్నాడు. అప్పుడు నా చెవికి ఎక్కింది సగమే. మిగతా సగం తర్వాత మౌనిక చెప్పింది.

"ఒక్కటి గోడ దాటిస్తే చాలు, ఒకే ఒక్క హోమ్ రన్. ఆ బాల్ నాకు కావాలి. పదమూడేళ్లకి చూపించుకోవడానికి నా దగ్గర మోకాలి ఎక్స్‌రే తప్ప ఏం లేదు. నేను కొడితే ఎడమవైపే వస్తుంది, మిమ్మల్ని అక్కడే కూర్చోబెట్టాను. మీ దగ్గరికొస్తే దాచి ఉంచండి."

"షూర్, షూర్" అన్నానట నేను. హ్యాష్‌ట్యాగ్ టైప్ చేస్తూ.

ఆదివారం నాలుగు గంటలు డ్రైవ్ చేసి వెళ్లాం. ఆట మొదలైంది, నడిచింది, నడుస్తూనే ఉంది. డారెల్ బెంచీ మీదే ఉన్నాడు. ఇక అయిపోవస్తోందనగా, వేరే ఆటగాడి బదులు బ్యాట్ పట్టుకుని వచ్చాడు. పొద్దుట్నుంచీ మొదటిసారి ఫోన్ చెయ్యి మార్చి మౌనికకి ఇచ్చాను. "వీడియో తియ్యవే, కదిలించకు" అన్నాను.

మూడో బంతికి చప్పుడైంది. కొబ్బరికాయ పగిలినట్టు, ఒక్కటే చప్పుడు. బంతి లేచింది. ఎంత లేచిందంటే నేను నోరు తెరిచి, మళ్లీ మూసి, ఇంకోసారి తెరిచేంత సేపు పైనే ఉంది. తర్వాత నేరుగా నా మీదకే వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు తోలు గ్లవ్స్ తొడుక్కుని లేచారు. నేను ఒట్టి చెయ్యి పైకెత్తాను. అంతే, పట్టేశాను! అరచెయ్యి పెసరట్టు పెనం మీద పెట్టినట్టు భగ్గుమంది.

ఆ తర్వాత జరిగింది నేను చెయ్యలేదు, మా విజయవాడ చేసింది. గ్రౌండ్‌లో కూర్చుంటే సిక్సర్ వచ్చి ఒళ్లో పడుతుంది. మనం ఏం చేస్తాం? ఫీల్డర్‌కి విసిరేస్తాం. లేకపోతే ఆట ఆగిపోతుంది, వెనకున్న పదిమంది బూతులు తిడతారు. నా మోచెయ్యి పైకి లేచింది. ఒక అడుగు ముందుకు పడింది. ఆలోచించలేదు. గోడకి అవతల నిలబడ్డ ఎదుటి టీమ్ ఫీల్డర్ కాళ్ల దగ్గర బంతి పడింది. నా జీవితంలో అంత అందమైన త్రో ఇంకోటి లేదు.

స్టేడియం అంతా ఒక్కసారి గోల పెట్టింది. నేను చెయ్యి ఊపాను.

"ఏం జేసినవే?" అంది మౌనిక.

"బాల్ ఇచ్చేశా. చూశావా, స్ట్రెయిట్!"

"అందరు బూ అంటున్రు."

"ఆ ఫీల్డర్‌నే అయ్యుంటుంది."

"కాదే పిచ్చిదానా. నిన్నే."

ముందు వరుసలో చొక్కా మీద ఆవాల సాస్ ఒలకబోసుకున్న పెద్దమనిషి వెనక్కి తిరిగాడు. "అదేంటో తెలుసా నీకు?"

"బాల్."

"అతని మొదటి హోమ్ రన్!"

"తెలుసు! మా కింది ఇంటాయనే!"

"మరెందుకు విసిరావు?"

"నువ్వైతే దాచుకుంటావా? సిగ్గులేదా? వాళ్లకి ఆడుకోవడానికి బాల్ వద్దా?"

అతను నన్ను పాడైపోయిన స్కాన్ రిపోర్ట్‌ని డాక్టర్ చూసినట్టు చూశాడు. కోపం కూడా పోయింది అతనికి. నెమ్మదిగా చెప్పాడు. ఇక్కడ జనంలోకి వచ్చిన బాల్ జనానిదే. ఆటకి కొత్త బాల్ తీస్తారు. ఆటగాడి మొదటి హోమ్ రన్ అయితే మాత్రం దాచి అతనికి ఇస్తారు, అతను తన బ్యాట్ ఇచ్చి దండం పెడతాడు. ఆ రూల్ వింటూ, ఇందాక జనానికి ఊపిన చెయ్యిని మెల్లగా వెనక దాచుకున్నాను.

ఆట అయ్యాక స్టేడియంలో పనిచేసే పెద్దావిడ ఒకామె మమ్మల్ని కింద వరండాలోకి తీసుకెళ్లింది. నేను విసిరిన బాల్ గోడ పక్కనున్న ప్రాక్టీస్ బాల్స్ సంచిలో కలిసిపోయిందని ఎవరో చెప్పారట. సంచి తెచ్చి బల్ల మీద బోర్లించారు. ముప్ఫై దాకా ఉన్నాయి, ప్రాక్టీస్‌వీ, ఆటలో వాడి పడేసినవీ కలిసిపోయి. అన్నీ తెలుపే, అన్నిటికీ ఎర్ర కుట్లే. డారెల్ వచ్చాడు. తిడతాడనుకున్నాను. నవ్వుతున్నాడు. అదింకా ఘోరం.

"దాన్ని పట్టుకున్నది నువ్వొక్కదానివే. ఏది?" అన్నాడు.

నేను మామిడికాయలు ఏరినట్టు ఒక్కొక్కటీ తిప్పి చూశాను. వెనక నుంచి మౌనిక మెల్లగా తెలుగులో, "తెల్వదని చెప్పవే" అంది. డారెల్ నా చేతులకేసే చూస్తున్నాడు, సర్జరీ గది బయట నిలబడ్డవాడిలా.

"ఇది" అన్నాను.

"నిజంగా?"

"కుట్టు పక్కన ఈ మరక. పట్టినప్పుడే చూశాను."

నేను చూసింది ఏమీ లేదు. డారెల్ దాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు.

బుధవారం అతన్ని వెనక్కి పంపించేశారు. పెద్ద లీగ్‌లో అతని బతుకు మొత్తం అంతే. తర్వాత మోకాలికి ఆపరేషన్ అయింది. చలికాలమంతా ఏ టీమూ ఫోన్ చెయ్యలేదు. ఇక చెయ్యదని తెలిశాక అతను మెట్ల మీద కూర్చోవడం కూడా మానేశాడు.

నాకేమో అతన్ని ఉత్సాహపరుద్దామని బుద్ధి పుట్టింది. ఆ రోజు మౌనిక తీసిన వీడియో పెట్టాను. 'నా గురువు నేర్పిన త్రో' అని రాసి, డారెల్‌ని ట్యాగ్ చేశాను. పది నిమిషాల్లో మౌనిక వంటగదిలోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది.

"అది చివరిదాకా చూసినవా?"

"నా త్రో దాకా చూశా."

"దాని తర్వాత ఇంక పదకొండు సెకన్లు ఉందే!"

చూశాను. ఫీల్డర్ వంగాడు, నా బాల్ తీశాడు, తాపీగా వెనక జేబులో పెట్టుకున్నాడు. సంచి దరిదాపులకి కూడా పోలేదు. డిలీట్ చేద్దామని వేలు పెట్టేసరికి డారెల్ లైక్ కొట్టేసి ఉన్నాడు.

టైర్ల షాపుకి పరిగెత్తాను. అతను ఒక ట్రక్కు చక్రానికి నట్లు బిగిస్తున్నాడు.

"డారెల్, ఆ బాల్..."

"అది కాదు. తెలుసు."

"ఇవాళ వీడియో చూసి..."

"ఆ రోజే తెలుసు. నువ్వు ఏరి ఇచ్చినదాని మీద 'ప్రాక్టీస్' అని ముద్ర ఉంది. నీ బొటనవేలు సరిగ్గా దాని మీదే పెట్టి పట్టుకున్నావు." ఇంకో నట్టు బిగించాడు. "అసలుది ఆ ఫీల్డర్ పోతూ పోతూ అవతలి జనంలోకి విసిరాడట. ఆ సాయంత్రమే అడిగాను. ఎవరి దగ్గరుందో అతనికీ తెలియదు."

"మరి వరండాలో నన్నెందుకు తిట్టలేదు?"

"తిడితే నువ్వు ఏడ్చేదానివి. నువ్వు ఏడిస్తే నేనూ ఏడ్చేవాణ్ణి. అక్కడ కెమెరాలున్నాయి."

నేల మీదున్న నట్టొకటి తీసి అతనికి అందించాను. చివరికి అడిగాను, "మరి నేనిచ్చిన ఆ బాల్ ఏం చేశావ్?"

"మా అమ్మ కుక్కకి ఇచ్చేశాను. దానికి చాలా ఇష్టం." లేచి మోకాలు పట్టుకున్నాడు. "అచ్చం నీలాగే. ఎంత దూరంలో పడినా సరే, తెచ్చి వెనక్కి ఇచ్చేస్తుంది."

ముందు అతను నవ్వాడు, తర్వాత నేను నవ్వాను.

కాబట్టి, పూర్తిగా చార్జ్ అయిన నా ఫోన్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై మనిషి మాట్లాడుతుంటే స్క్రీన్ చూడను. నా చేతిలో పడినదేదీ అడక్కుండా ఎవరికీ విసరను. ఏ వీడియో అయినా చివరి సెకను దాకా చూడందే లోకానికి చూపించను.

అబద్ధం ఆడనని మాత్రం ప్రమాణం చెయ్యట్లేదు. మౌనిక ఎంత అరిచినా సరే. ముప్ఫై బంతులు ముందు పోసి, పదమూడేళ్లు ఆడినవాడు మీ మొహంలోకి చూస్తూ "ఏది?" అని అడిగితే, "తెలియదు" అని చెప్పగలిగేవాళ్లు మీలో ఎవరున్నారో ముందుకు రండి, చూద్దాం?