అరకిలో ట్రిగ్గరు

కొలిచే వస్తువు ఏదైనా నిజమే చెబుతుందని నేను నమ్మిన రోజులు ఉన్నాయి. ఇప్పుడు పాపకి దగ్గుమందు పోయాలంటే మూతలో ఒకసారి, చెంచాలో ఒకసారి, సూది లేని సిరంజిలో ఒకసారి కొలిచి గాని పోయను. (ఈలోగా పాప దగ్గడం మానేసి నిద్రపోతుంది.) "ఏటే, ఆఖరికి మందుసీసా మూత మీద కూడా నీకు నమ్మకం లేదా?" అంటారు మా ఆయన. లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే నేను డిగ్రీ రెండో సంవత్సరం చదివే రోజుల్లోకి, శ్రీకాకుళంలో మా నాన్న కిరాణా కొట్టులోకి మిమ్మల్ని తీసుకెళ్ళాలి.

ఆ రోజుల్లో మా కాలేజీకి ఒక ఎయిర్ పిస్టల్ ఉండేది. ఒకసారికి ఒకే పెల్లెట్ పెట్టి, పది మీటర్ల దూరంలో ఉన్న కాగితం మీద చుక్కని కొట్టాలి. దాన్ని మాకు నేర్పిన ఆటల మాస్టారు మాట్లాడేటప్పుడు కూడా నోట్లోంచి విజిల్ తీసేవారు కాదు కనక ఆయన పేరు విజిల్ మాస్టారు. ఉన్న నలుగురు ఆడపిల్లల్లో ఆయన నన్ను ఎంచుకోవడానికి చెప్పిన కారణం ఒకటే: "నీ సెయ్యి వణకదు. త్రాసు అట్టుకుని పెరిగిన సెయ్యి కదా." నా చెయ్యి వణకని మాట నిజమే. వణికేది నా ఓపిక. మంచి పిస్టల్‌కి ట్రిగ్గరు మొదట కొంచెం వదులుగా వెనక్కి వచ్చి, ఒకచోట ఆగి, అక్కడ వేలు ఇంకాస్త నొక్కితే అప్పడం విరిగినట్టు తెగాలట. మాది ఇసుక పడిన తాళంలో తాళంచెవి తిప్పినట్టు గరగరమంటూ వచ్చేది. గురి చుక్క మీద ఉన్నంతసేపూ పేలదు. విసుగొచ్చి గురి చెదరగానే, అప్పుడు పేలుతుంది. ఇంట్లో తమ్ముడు కూడా నన్ను అంతగా ఏడిపించలేదు.

విజయనగరంలో పోటీలు వారం రోజుల్లో ఉన్నాయనగా మాస్టారు చేతులెత్తేశారు. సాలూరులో మా మావయ్య (అమ్మకి తమ్ముడు) లారీల డీజిల్ పంపులు బాగుచేస్తాడని, వెంట్రుక దూరని సందులో కూడా పని చెయ్యగలడని నేనే గొప్పలు చెప్పాను. "సరే, అట్టుకెల్లు," అన్నారాయన. "ఒక్కటి గుర్తెట్టుకో. పోటీకి ముందు ట్రిగ్గరుకి అరకిలో బరువు తగిలించి పిస్టల్ పైకెత్తుతారు. ఆ బరువుకి అది పేలకూడదు. పేలిందా, ట్రిగ్గరు మరీ తేలికగా ఉన్నట్టు లెక్క, నిన్ను ఆడనివ్వరు. అరకిలో కంటే కాస్త ఎక్కువే ఉంచుకో."

ఆదివారం మధ్యాహ్నం కొట్టు కట్టేశాక, నాన్నకి చెప్పకుండా త్రాసు పక్కనున్న అరకిలో రాయి తీసుకున్నాను. (ఇనుముదే, కాని కొట్లో అందరం రాయి అనే అంటాం.) పిస్టల్ పెట్టె, రాయి చీరల కొట్టు సంచిలో పెట్టుకుని సాలూరు బస్సెక్కాను. పక్కసీటు పెద్దావిడ దారంతా సంచి వైపే చూసి, దిగేముందు, "ఏ రంగమ్మా?" అని అడిగింది. "నలుపండీ," అన్నాను.

"ఏటే గుంటా, ఎవుల్ని సంపుతావు?" అన్నాడు మావయ్య పిస్టల్ చూసి.

"కాగితాన్ని, మావయ్యా."

షెడ్డులో పాత బనియను పరిచి, పిస్టల్ విప్పి, భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. "ఇదిగో, ఈ రెండు ముక్కలూ ఒకదాన్నొకటి కరుసుకుంటన్నాయి. అదీ జబ్బు," అని పంపులకి వాడే మెత్తటి ముద్ద రాసి అరగదీయడం మొదలుపెట్టాడు. నేను "చాలు మావయ్యా" అన్నప్పుడల్లా "నువ్వూరుకో" అన్నాడు. రెండు గంటల తర్వాత బిగించి, పెల్లెట్ లేకుండా గాలి మాత్రం ఎక్కించిన పిస్టల్‌ని బల్ల మీద నిలబెట్టాడు. బయట రోడ్డు మీద ఒక లారీ హారన్ కొట్టింది. పిస్టల్ ఎవరూ ముట్టకుండానే ఠప్పున పేలింది.

"అమ్మమ్మమ్మ! ఇది పిస్టల్ కాదే, మీ అత్తే," అన్నాడు మావయ్య గర్వంగా. "ఏటీ అనకండానే పేల్తాది."

అత్త లోపల్నుంచి, "ఏటన్నావూ?" అంది. మావయ్య గబగబా స్ప్రింగు మర బిగించడంలో పడ్డాడు.

ఇక రాయి తగిలించి ఎంత బిగించాలో చూసుకోవాలి. రాయికి కొక్కెం లేదు. తాడు కడితే జారిపోతోంది. మావయ్య దాన్ని తిరగేసి చూశాడు. అడుగున ఒక గుంట, గుంట నిండా ఏదో బూడిదరంగు పూడిక ఉన్నాయి. దాన్ని స్క్రూడ్రైవరుతో పెళ్ళగించి, ఆ గుంటలో తీగ కొక్కెం దిగ్గొట్టాడు. మా ఇద్దరి తెలివీ కలిపి తూచినా పావుకిలో ఉండదని ఆ క్షణంలో రుజువైంది. ఆ పూడిక సీసం. బరువు సరిగ్గా అరకిలో రావడానికి నింపి, దాని మీదే తూనికల ఆఫీసు వాళ్ళు ముద్ర కొడతారు. రాళ్ళ మధ్యే పుట్టి పెరిగిన నేను ఏ రాయినీ ఏనాడూ తిరగేసి చూడలేదు. పంపుల మావయ్యకి తెలియాల్సిన అవసరమే లేదు. పని అయ్యాక కొక్కెం పీకి, గుంటలో మైనం ముద్ద కూరి, పైన నల్లటి గ్రీజు పూశాడు. "మీ నాన్నకి తెలీదులే," అని ధైర్యం కూడా చెప్పాడు.

మాస్టారు కాస్త ఎక్కువ ఉంచుకోమన్నారు కదా, నేను వింటానా? మర వెంట్రుకవాసి చొప్పున వదులు చేయించి, మా రాయికి సరిగ్గా ఆగేచోట ఆపించాను. ట్రిగ్గరు ఇప్పుడు నిజంగా అప్పడమే. సోమవారం పొద్దున్నే రాయి త్రాసు పక్కకి చేరిపోయింది. ఆ వారమంతా నేను మైదానంలో చుక్కలు కొడుతున్నాను, నాన్న ఆ రాయితో పంచదార తూస్తున్నారు.

శుక్రవారం విజయనగరంలో పరీక్షబల్ల దగ్గర ఒక మేడమ్ మా పిస్టల్‌ని నిలువుగా పట్టుకుని, ట్రిగ్గరుకి వాళ్ళ బరువు తగిలించి పైకెత్తారు. ఠక్. మళ్ళీ ఎత్తారు. ఠక్. మూడోసారి కూడా ఠక్.

"ఏ బరువుతో చూసుకున్నావమ్మా?" అన్నారావిడ.

"అరకిలోతోనేనండీ."

"ఇరవై గ్రాములైనా తక్కువుంటుంది ఆ అరకిలో," అన్నారు. వెనక వరసలో ఎవరో నవ్వారు. మాస్టారు విజిల్ నోట్లోంచి తీశారు. నేను చూడగా అదే మొదటిసారి.

"ఆ రాయి ఎవులిదే?"

"మా మావయ్యదండీ," అన్నాను.

"హమ్మయ్య! మీ కొట్టుదేమో అనుకున్నాను. పన్నెండేళ్ళనుండి పంచదార అక్కడే కొంటన్నాను," అని, సరిచేసుకు రమ్మని మేడమ్ ఇచ్చిన పది నిమిషాల్లో ఆయన మర బిగించారు. కంగారులో రెండు చుట్లు ఎక్కువే బిగించారు. ఆ తర్వాత ట్రిగ్గరు లాగడం బోరింగు హ్యాండిలు కొట్టడంతో సమానమైంది. పన్నెండుమందిలో పదకొండోదాన్ని వచ్చాను. (పన్నెండో అమ్మాయికి జ్వరం.)

ఓడిపోయినందుకు ఏడుపు రాలేదు. తిరుగు బస్సులో నా బుర్రలో ఒకటే ప్రశ్న: మా నాన్న దొంగతూకం తూస్తారా? (సీసం సంగతి అప్పటికి నాకు తెలియదని మరిచిపోకండి.) మా వీధిలో నాన్నకి తూకం ఆయన అని పేరు. ముల్లు మధ్యకి వచ్చాక ఇంకో చిటికెడు వేసి, సరుకు వైపు పళ్ళెం కిందికి వాలాక గాని పొట్లం కట్టరు. ఆ చిటికెడుని మొగ్గు అంటారు. మర్నాడు కొట్లో నిలబడి చూస్తున్నాను. ఒక ముసలమ్మకి బెల్లం తూచి, మొగ్గుకి ఇంకో ముక్క వేశారు. "నూరేళ్ళు బతుకు బాబూ," అందావిడ. ఓహో, ఇరవై గ్రాములు అక్కడ కొట్టేసి ఇక్కడ ముక్క పడేసి దీవెనలు కూడా తీసుకుంటున్నారా అని నా ఒళ్ళు మండిపోయింది. అన్నం దగ్గర పలకలేదు. మంచినీళ్ళు అడిగితే గ్లాసు ఠపీమని పెట్టాను. ఆదివారం పొద్దున్న ఇక ఆగలేక అడిగేశాను.

"నాన్నా, మన అరకిలో అరకిలోయేనా?"

నాన్న నవ్వారు. "మరేటమ్మా, పావుకిలోయా?" అంటూ ఒక పళ్ళెంలో ఆ రాయి, రెండో పళ్ళెంలో రెండు రెండువందల రాళ్ళు, ఒక వంద రాయి పెట్టారు. అరకిలో పళ్ళెం పైకి లేచింది. నాన్న నవ్వు అక్కడే ఆగిపోయింది. రాయి తిరగేసి, గ్రీజు తుడిచి, గోటితో గీరారు. మైనం ఊడి వచ్చింది.

"సీసం ఏదీ? ముద్ర ఏదీ? ఎవులు ముట్టినారు దీన్ని?"

అప్పుడు తెలిసింది నాకు. చెప్పక తప్పలేదు, సాలూరు నుంచి విజయనగరం దాకా మొత్తం చెప్పాను. నాన్న సాలూరుకి ఫోను కలిపారు. "ఒరే బామ్మర్దీ, నా రాయిలో సీసం ఏటి సేసినావురా?"

"అది సీసమా బావా? మట్టనుకున్నాను. మా పనిలో ఏదొచ్చినా ముందు సుబ్రం సేస్తాం కదా!"

నాన్న ఫోను పెట్టేసి రాయిని పక్కన పెట్టారు. నాకు పడబోయే తిట్ల కోసం తల వంచుకుని నిలబడ్డాను. అవి పడినా బాగుండేది.

"అయితే నిన్నటినుండి నువ్వు నాతోటి మాటాడనిది ఇందుకా?" అన్నారు. "నాను దొంగననుకున్నావన్నమాట. రాయిని అనుమానించకండా నన్ను అనుమానించినావు."

అమ్మ కలగజేసుకుంది. "పోనిద్దురూ, ఎలాగూ మొగ్గు ఏస్తారు కదా, అందులో సరిపోయుంటాది. ఎవులికీ తక్కువెళ్ళుండదు."

"మొగ్గు నా ఇష్టం," అన్నారు నాన్న. "తూకం ఆళ్ళ హక్కు."

ఆ వారంలో అరకిలో సరుకు కొన్న ఇళ్ళన్నీ ఆయనకి గుర్తే. ప్రతి ఇంటికీ ఒక్కో చిన్న పొట్లం కట్టి, పంచడానికి నన్నే పంపారు. తలుపు తీసిన ప్రతివాళ్ళకీ పిస్టల్, మావయ్య, సీసం కథ మొదటినుంచి చెప్పాలి. సగంమంది, "మీ నాన్నగారిని పండుకోమనమ్మా, ఎండ తగిలినట్టున్నాది," అన్నారు. ఆఖరి ఇల్లు మాస్టారిది. రాయి మా కొట్టుదేనని, మావయ్యదని అబద్ధం ఆడానని ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన పొట్లం విప్పి, కాస్త పంచదార నోట్లో వేసుకున్నారు.

"పోటీ పోయిందన్న బాధ లేదే నాకు," అన్నారు. "రాయి మీ మావయ్యదంటే నమ్మక, మొన్న శుక్రవారం రాత్రి మా ఆవిడ ఇంట్లో డబ్బాలన్నీ తీయించి, అన్నీ పక్కింటాళ్ళ త్రాసులో తూయించింది. ఆ పిచ్చిదానికి నువ్వొచ్చి సెప్పు."

వెళ్ళి చెప్పాను. ఆవిడకి మరోసారి మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది.

మరుసటి ఏడాది పోటీలకి నాన్న నాతో వస్తానన్నారు. కొట్టు వదిలి గుమ్మం దాటని మనిషి ఎందుకు వస్తున్నారో నేను అడగలేదు. పరీక్షబల్ల దగ్గర మా వంతు వచ్చాక తెలిసింది. నాన్న చేతిసంచిలోంచి చిన్న త్రాసు, కొత్తగా ముద్ర వేయించిన అరకిలో రాయి తీసి మేడమ్ ముందు పెట్టారు. "అమ్మా, ముందు దీన్ని సూడండి. మా అమ్మాయి పిస్టల్ తరవాత సూద్దురు." హాల్లో అందరూ మా వైపే చూస్తున్నారు. మేడమ్ ఏమనుకున్నారో, తన బరువు తీసి ఒక పళ్ళెంలో పెట్టారు. నాన్న తన రాయి రెండో దాంట్లో పెట్టి త్రాసు ఎత్తారు. ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడింది. నాన్న దాన్ని తృప్తిగా చూసి, "మీదీ సరిగ్గానే ఉన్నాదమ్మా," అన్నారు.

పిస్టల్ పరీక్షలో నెగ్గింది. ఆ రోజు నేను ఎన్నో స్థానంలో వచ్చానో మాత్రం ఇప్పుడు గుర్తు లేదు. గుర్తున్నదల్లా నాన్న అక్కడ త్రాసు ఎత్తి పట్టుకున్నప్పుడు నేను పదడుగుల దూరంలో, ఆయనెవరో నాకు తెలియనట్టు, నేలమీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటూ ఉండడమే. ఆ పిల్లని భుజం తట్టి లేపి, వెళ్ళి ఆయన పక్కన నిలబడు, కనీసం ఆ సంచైనా అందుకో అని చెప్పాలనిపిస్తుంది. అది లేవదు. దానికి ఇరవై ఏళ్ళు, లోకమంతా దాన్నే చూస్తోంది. తల వంచుకుని తాళ్ళు కట్టుకుంటూనే ఉంటుంది, కాళ్ళకి ఉన్నవి చెప్పులైనా సరే.