గులాబీ గోరింకలూ కాకి ముద్దా

చిక్కడపల్లిలో మేము అద్దెకున్న ఇంటి యజమానురాలి లెక్కలో గోరింక గోధుమరంగులోనే ఉండాలి. గులాబీ రంగు గోరింకలున్నాయని నేను చెప్తే రెండేళ్లుగా నవ్వుతూనే ఉంది. మీ ఆంధ్రోళ్ల మాటలల్ల సగమే నిజమని వీధంతా వినేలా అనేది. ఎండలు ముదరకముందే ఆ పిట్టల గుంపులు ఉత్తరానికి వెళ్లిపోతాయి. ఆ ఏడు వాటికన్నా ముందు మేమే వెళ్లేలా ఉన్నాం. ఆంధ్రోళ్లు వెళ్లిపోవాలని ఊళ్లో గొడవలు, కాలేజీలు మూత. మావారు బెజవాడకు బదిలీ చేయించుకున్నారు. వెళ్లేలోగా ఒక్క పిట్టనైనా చూపించి ఆవిడ నోరు మూయించాలని నా పంతం.

అశోక్ నగర్ అవతల, పిట్టలను కొట్టకూడదని బోర్డు పెట్టి, చుట్టూ కంచె వేసిన తోట ఒకటుండేది. అందులో బూరుగు చెట్టు ఆకులన్నీ రాల్చి ఎర్రగా పూసింది. పొద్దున్నే వెళితే కొమ్మ కొమ్మకూ పిట్టే. కానీ ఈవిడ కదిలితేనా! ఒకరోజు వర్జ్యం. ఒకరోజు గడప దాటుతుంటే ఎవరో తుమ్మారు, కూర్చుని మంచినీళ్లు తాగేసరికి ఎండెక్కింది. మిగతా రోజులన్నీ కాకి. వండిన అన్నంలో మొదటి ముద్ద గోడ మీద పెట్టి, దాన్ని కాకి ముట్టేదాకా ఆవిడ కాలు బయటపెట్టదు. ఆ కాకులకైనా తొందరుంటేగా!

మా ప్రయాణానికి ముందురోజు తెల్లవారుతూనే, పిలవకుండానే వచ్చింది, చేతిలో మూతపెట్టిన గిన్నెతో. అందులో ఏముందని అడిగే బుద్ధి నాకు పుట్టలేదు.

బూరుగు నిండా పిట్టలు. నల్లటి తల, గులాబీ ఒళ్లు, ఒకటే కిచకిచ. ఆవిడను మెల్లగా చెట్టు కిందికి నడిపించి తలెత్తమన్నాను. ఎత్తలేదు. ముందు గిన్నెలోని అన్నం ముద్ద రాయి మీద పెట్టి, గొంతెత్తి కావు కావుమని పిలిచింది. చిక్కడపల్లి, నారాయణగూడ కాకులన్నీ వచ్చి పడ్డాయి. గులాబీ గోరింకలు ఒక్కసారిగా లేచి, ఒక్కటి మిగలకుండా పోయాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్కరోజు కాకి ఆగలేదా అని అరిచాను. చూపించడానికి నాకిక రేపు లేదన్నాను.

ఆవిడ ఖాళీ గిన్నెను కొంగుతో తుడుస్తూ అడిగింది. "గవి మళ్ల ఈడికే వస్తయా?"

చలికాలానికి వస్తాయన్నాను విసుగ్గా.

"అయితే నీ అర్ర ఎవ్వలకు కిరాయికియ్య, చెల్లె. గప్పుడొచ్చి చూపియ్యి."

రెండేళ్లు నీళ్ల దగ్గరా ముగ్గు దగ్గరా నాతో పోట్లాడి, పోయే ముందురోజా ఈ మాట అనడం! తిట్టడానికి నోరు తెరిచాను గానీ ఏడుపొచ్చింది.