బాపు అడిగిన పన్నా

నేను రెండు మాటలతో ఆరు నెలల చదువును, ఒక ఫ్లెక్సీని, మా బాపు మనశ్శాంతిని ఒకేసారి పాడుచేశాను. నవ్వదలుచుకుంటే ఇప్పుడే నవ్వేయండి, తర్వాత నా మీద జాలి పుట్టే ప్రమాదముంది.

నా పరిశోధన గాలి మీద. ధ్వని కన్నా ఆరేడు రెట్ల వేగంతో దూసుకుపోయే వాహనం గోడను అంటుకుని పలుచని గాలి పొర ఉంటుంది. గోడ మడత తిరిగిన చోట ఆ పొర పైకి లేచి, బుడగలా సుడి తిరిగి, మళ్లీ గోడను పట్టుకుంటుంది. ఆ బుడగ కుదురుగా ఉంటే సరే. చెదిరిందా, అక్కడ గోడ పెనంలా కాలుతుంది. చెదరదని నా కంప్యూటరు చెప్పింది. ఆడపిల్ల తల్లికి అల్లుడు దొరికినంత సంబరపడ్డాను.

పీహెచ్‌డీ వైవాకు వారం ముందు సిరిసిల్లలో మా ఇంటికొచ్చి, ఇక డాక్టరునైనట్టేనని అందరికీ చెప్పాను. వైవా లేదు, పట్టా లేదు, బిడ్డ పేరు డాక్టరమ్మ. కోరుట్లలో ఉండే మేనమామ ఆ మాట నమ్మి జగిత్యాలకు పోయి ఫ్లెక్సీ కొట్టించాడు. ఏ డాక్టరో దుకాణం వాళ్లు అడగలేదు, ఈయన చెప్పలేదు. నా మెడలో స్టెతస్కోపు, తల వెనక రాకెట్టు.

ఆ సాయంత్రం బాపు సాంచల దగ్గర్నుంచి వచ్చి, చాయ్ గ్లాసుతో నా పక్కన కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ మరమగ్గాలు నడిపే మనిషి. లాప్‌టాప్‌లో ఆ బుడగ బొమ్మను చాలాసేపు చూశాడు.

"గిది పొడుగు, గిది ఎత్తు. మరి పన్నా ఏది బిడ్డా?"

పన్నా అంటే బట్ట వెడల్పు. నాకు నవ్వొచ్చింది.

"పన్నా అంతా ఒక్క తీరే ఉంటదనుకున్న బాపు. లెక్క తొందరగ అయితది. నీకు సమజ్ కాదు తియ్."

"మన సాంచ మీద అంచుకో తీరు, నడుమకో తీరు ఉంటది మరి," అన్నాడు మెల్లగా. చాయ్ సగంలో వదిలి లేచిపోయాడు. నేను పట్టించుకోలేదు. చెవులుండీ వినని మనిషికి చదువెక్కువైతే ఇట్లాగే ఉంటుంది.

వైవాలో పరీక్షకుల్లో ఒక పెద్దావిడ నా బొమ్మను అచ్చం బాపులాగే తల వంచి చూశారు. ఈ ప్రవాహానికి వెడల్పు ఎక్కడని అడిగారు. అంతటా ఒకేలా ఉంటుందనుకున్నానన్నాను. ఈ సంగతి ముందు ఎవరూ అడగలేదా అన్నారు. అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"మా నాన్న అడిగారండి."

"ఆయన ఏ విశ్వవిద్యాలయం?"

"సిరిసిల్లలో సాంచలు నడుపుతారండి."

ఆవిడ నవ్వలేదు. వెడల్పు కూడా కలిపి మళ్లీ లెక్క చేసి తెమ్మన్నారు.

చేశాను. ఆరు నెలలు పట్టింది. బయటినుంచి ఎవరూ కదపకుండానే నా బుద్ధిమంతురాలైన బుడగ అడ్డంగా చారలు చారలుగా విడిపోయి, ఊగి, చివరికి చిందరవందరైంది. ఈలోగా మామ ఆ ఫ్లెక్సీని మల్లాపూర్ దగ్గర తన కల్లంలో పసుపు మీద కప్పాడు. నేను డాక్టరును కాకముందే నా ముఖం వానకు తడుస్తూ ఒక పంటను కాపాడింది.

పట్టా చేతికొచ్చాక ఇంటికి వెళ్లి, బాపు అడిగిన ప్రశ్నే నన్ను ముంచి తేల్చిందని చెప్పాను. ఆయన ముఖంలో గర్వం వెతికాను. కనబడలేదు.

"నా నోరు తగిలి నీ పట్టా ఆగిందనుకున్న బిడ్డా. గా పొద్దు అడుగకపోతే నీకు ఆర్నెల్లు మిగులుతుండె గద. గందుకే ఫోన్‌ల సుత తిన్నవా అని తప్ప ఏం అడుగలే."

కోపమొచ్చి మాట్లాడడం లేదనుకున్నాను ఇన్నాళ్లూ. ఆయన చెయ్యి పట్టుకున్నాను. వేళ్లకు దూది నూగు అంటుకుని ఉంది. ఏమైనా అడగమన్నాను, ఎన్నైనా అడగమన్నాను.

ఆయన మొహమాటపడుతూ కొత్త బొమ్మను దగ్గరికి లాక్కున్నాడు.

"గీ చారల నడుమ గింతే ఎడం ఎందుకున్నది?"

అందుకే పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బాపుకు చూపకుండా ఈ జన్మలో ఏ బొమ్మనూ పరీక్షకుల ముందు పెట్టను. ఆ ఎడం సంగతి మాత్రం ఇంకా వెతుకుతున్నాను. ఇది మూడో ఏడు.